హైదరాబాదున ఛాయాచిత్ర వృత్తి: గాజుపలక నుండి డిజిటల్ వరకు

హైదరాబాదు నగరమున నాంపల్లి రైల్వే స్టేషను నుండి తూర్పుగా కొంత దూరము నడచినచో అబిడ్స్ చేరవచ్చును. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువునందుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మీనియా యూదుడు అచ్చట దుకాణము పెట్టగా, ఆతని పేరే ఆ ప్రాంతమునకు స్థిరపడినది. అబిడ్స్‌ను దాటి కోఠి వైపు పోయినచో గుజరాతీ గల్లీ వచ్చును. కెమేరాలకును, వాని సామగ్రికిని ఆ గల్లీ పేరు మోసినది. జిల్లాలలో స్టూడియోలు పెట్టుకొన్నవారికి ఈ వీధులు కొత్తవి కావు. ఫిలిం రీళ్లు, ముద్రణ కాగితము, మందులు కొనుటకు రాజధానికి వచ్చినవారు ఈ త్రోవలనే తిరిగెడివారు. పల్లెటిండ్ల గోడలపై వ్రేలాడు పెద్దల పటములు అట్టి శ్రమకు ఫలములే. 21వ శతాబ్ది ఆరంభము నుండి ఆ శ్రమ స్వరూపమే మారిపోయినది. అందువలన ఛాయాగ్రాహకునకు కలిగిన లాభనష్టములేవి, గ్రామమునకు దానితో గల సంబంధమేమి అను విషయము విచారింపదగియున్నది.

హైదరాబాదున ఈ కళకు ప్రతిష్ఠ తెచ్చినవారు రాజా దీనదయాళ్. వారు 1844లో మీరటు సమీపమునందలి సర్ధానాలో జన్మించిరి. రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందూరు సంస్థానమున మరామత్తు శాఖలో ఉద్యోగము చేయుచు, ఛాయాచిత్రములు తీయుట అభ్యసించిరి. పిమ్మట హైదరాబాదునకు వచ్చి, సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకులైరి. ఘోషా పాటించు స్త్రీల కొరకు 1892లో ప్రత్యేకముగా ఒక స్టూడియో ఏర్పరచి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల వనితకు అప్పగించిరి. 1894లో నిజాము వారికి ‘రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్’ అను బిరుదము నొసగెను. 1905లో వారు దివంగతులైరి.

దీనదయాళ్ గారి జీవితకాలముననే ఈ వృత్తి ఒక గొప్ప మార్పును చూచినది. వారు కెమేరా చేతబట్టిన నాటికి తడిపలక పద్ధతి వాడుకలో ఉండెను. దీనిని 1851లో ఆర్చర్ అను ఆంగ్లేయుడు ప్రకటించెను. గాజుపలకపై కొలోడియన్ అను జిగట ద్రవమును పూసి, వెండి లవణపు నీటిలో ముంచి, అది ఆరక మునుపే చిత్రమును తీసి, వెంటనే మందులతో కడుగవలెను. కావున ఊరు విడిచి పోయినచో చీకటి గుడారమును, మందుల సీసాలను, గాజు పెట్టెలను మోయించుకొని పోవలసియుండెను. 1871లో మాడెక్స్ అను వైద్యుడు జెలటిన్‌తో పొడిపలక చేయు విధానమును తెలిపెను. 1880వ దశకమున ఈ పొడిపలకలు కర్మాగారములలో తయారై అంగళ్లకు వచ్చెను. పలకపూత పూయు నేర్పు గలవానికి ఆ నేర్పుతో పని లేకపోయినది. 1888లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ కెమేరాను విడుదల చేయగా, చుట్టగా చుట్టిన రీలుతో ఎవరైనను బొమ్మ తీయగల కాలము ప్రారంభమైనది. ఇట్లు ప్రతి మార్పును ఛాయాగ్రాహకుని చేతినుండి ఒక పనిని గైకొనుచునే వచ్చినది.

అయినను ఫిలిం యుగమున ఆతనికి చేతినిండ పని మిగిలియే యుండెను. 35 మిల్లీమీటర్ల రీలున 36 బొమ్మలు మాత్రమే పట్టును. పెద్ద చతురపు బొమ్మ తీయు కెమేరా రీలున 12 మాత్రమే. కనుక మీట నొక్కుటకు ముందు వెలుతురును, ముఖమును, నిలుపును పలుమారులు సరిచూచుకొనెడివాడు. ఫిలింను కటిక చీకటిలో కడుగవలెను. నలుపు తెలుపు కాగితముపై ఎర్రదీపము వెలుగున ముద్రింపవలెను. సన్నగా చెక్కిన పెన్సిలుతో నెగెటివుపై మశూచి మచ్చలను పూడ్చు పనివారు వేరుగా నుండిరి. నలుపు తెలుపు బొమ్మకు చేతితో రంగులద్దువారును ఉండిరి. వీరందరి జీవనము ఒక చీకటిగదిని ఆశ్రయించియుండెను.

మరియొక ముఖ్య విషయము కలదు. నెగెటివు స్టూడియోలోనే ఉండెడిది. దానిని కవరులో పెట్టి, సంఖ్య వేసి, బీరువాలో దాచెడివారు. ఇంట పెద్ద కాలము చేసినప్పుడు బంధువులు పరుగున వచ్చి, పదేండ్ల క్రిందటి పెండ్లి బొమ్మలోని ముఖమును వేరుచేసి, పెద్దది చేయించి, పటము కట్టించుకొని పోయెడివారు. అందువలన యజమానికి ఆదాయము వచ్చెడిది. కుటుంబమునకు జ్ఞాపకము దక్కెడిది. తాను తలపెట్టకయే స్టూడియో యజమాని ఆ ఊరి చరిత్రకు భాండాగారియై యుండెను.

ఈ చీకటిగదిని తొలగించిన విద్య అమెరికాలో పుట్టినది. 1969లో బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్ అను శాస్త్రజ్ఞులు వెలుతురును విద్యుత్తుగా మార్చి గ్రహించు పరికరమునకు రూపకల్పన చేసిరి. అందులకు వారికి 2009లో నోబెల్ బహుమానము లభించినది. 1975లో కొడాక్ సంస్థయందే సాసన్ అను యువ ఇంజనీరు ఫిలిం లేని కెమేరాను నిర్మించెను. దాని బొమ్మలో నున్న చుక్కలు 10,000 మాత్రమే. ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుపై ఎక్కించుటకు 23 సెకనులు పట్టెను. ఫిలిం అమ్మకముపై బ్రతుకు ఆ సంస్థ ఫిలింను విడనాడుటకు చాలకాలము వెనుదీసెను. తుదకు 2012 జనవరిలో దివాలా రక్షణ కోరవలసివచ్చెను. మన దేశమున ఉదకమండలమునందు 1960లో స్థాపితమైన హిందుస్తాన్ ఫోటో ఫిలింస్ అను ప్రభుత్వ సంస్థ ‘ఇందు’ అను పేర ఫిలింను అమ్మినది. 1990వ దశకముననే ఖాయిలాపడిన ఆ సంస్థ డిజిటల్ కాలమున కోలుకొనజాలక మూతపడినది.

పెద్ద సంస్థలే ఇట్లు కూలగా చిన్న స్టూడియోల మాట చెప్పనేల? రీళ్ల అమ్మకము పోయినది. కడుగుట, ముద్రించుట అను పనుల కూలి పోయినది. నిత్యము కూడు పెట్టుచుండిన చిన్న సైజు బొమ్మల గిరాకియు తగ్గినది. 2010లో ఆధారు కార్డులు ఇచ్చుట ఆరంభమైన నాటినుండి వానికి కావలసిన బొమ్మను అచ్చటనే తీయుచున్నారు. పాసుపోర్టు కేంద్రములందును అట్లే. పిమ్మట చేతి ఫోనులోనే కెమేరా వచ్చినది. పెన్సిలు పట్టి మచ్చలు పూడ్చిన వృద్ధుడు కంప్యూటరు ముందు కూర్చుండలేకపోయెను. ఆతని కుమారుడో, పొరుగింటి యువకుడో ఆ పని నేర్చి, కరిజ్మా ఆల్బములకు పుటలు కూర్చువాడాయెను. పూర్వము ఒక కెమేరా తండ్రినుండి కొడుకునకు సంక్రమించెడిది. ఇప్పుడు కొన్ని ఏండ్లకే కొత్త కెమేరా, కొత్త కంప్యూటరు కొనవలసివచ్చుటచే అప్పు పెరిగినది.

లాభములను విస్మరించుటయు న్యాయము కాదు. తీసిన బొమ్మను ఆ క్షణముననే చూచి, కన్ను మూసినవారిని మరల నిలువబెట్టి తీయవచ్చును. రీలు వ్యర్థమగునను భయము లేకపోవుటచే నేర్చుకొనువారికి విద్య సులభమైనది. రంగు బొమ్మలు కడిగించుటకు నగరమునకు పంపి, దినముల తరబడి ఎదురుచూచు అగత్యము పల్లెటూరి స్టూడియోకు తప్పినది. మందుల ఘాటున ఊపిరి చెడగొట్టుకొను బాధయు తప్పినది. కూలివానికిని తన బిడ్డ బొమ్మ తీసికొను భాగ్యము కలిగినది. విద్య నశింపలేదు, వేషము మార్చినది. వెలుతురును గుర్తించు కన్ను గలవానికి నేడును గౌరవము కలదు.

అయినను ఒక పని మాత్రము ఎవరి చేతికిని అందక మిగిలిపోయినది. అది భద్రపరచుట. దీనదయాళ్ గారి గాజుపలకలలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించినది. అవి బరువైన వస్తువులగుటచేతను, పెట్టెలయందు నిలిచియుండుటచేతను శతాబ్ది దాటియు చేతికి దొరకినవి. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచిన ఘోరమును నేటివారు కంటితో చూడగలుగుట ఆనాటి చిత్రములు మిగిలియుండుట చేతనే. నేడు పెండ్లి జరిగినచో వేలకొలది బొమ్మలు తీయుదురు. వానిని చిన్న పెన్‌డ్రైవులో పోసి ఇంటివారికిచ్చి, స్టూడియోవారు తమ యంత్రమును మరియొక పెండ్లికై ఖాళీ చేయుదురు. ఆ డ్రైవు పాడైనను, ఫోను పగిలినను బొమ్మలన్నియు ఒక్కసారిగా పోవును. మసకబారిన పాత పటము కొంతయైనను కనుపించును. చెడిన ఫైలు ఏమియు కనుపింపదు. బొమ్మలు వేయింతలైన కాలముననే, అవి నిలుచునను నమ్మకము సన్నగిల్లినది.

అబిడ్స్‌కు చేరువలోనే, 1901 సెప్టెంబరు 1న, రావిచెట్టు రంగారావు గారి ఇంట శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయము వెలసినది. చెల్లాచెదరైన గ్రంథములను ఒకచోట చేర్చి కాపాడుటయే ఆ పెద్దల సంకల్పము. నేడు స్టూడియో బీరువా విడిచిన బాధ్యతను గ్రామ గ్రంథాలయము గ్రహింపవచ్చును. ఊరి జాతర, బడి వార్షికోత్సవము, చెరువు పూడికతీత, వృద్ధుల ముఖములు: వీనిలో ఏడాదికి కొన్ని చిత్రములనైనను కాగితముపై ముద్రింపించి, వెనుక పేర్లు, తేది, స్థలము వ్రాసి దాచవచ్చును. ఫైళ్ల నకళ్లను రెండు చోట్ల ఉంచి, యంత్రములు మారినప్పుడెల్ల క్రొత్త వానిలోనికి మార్చవచ్చును. మూతపడిన స్టూడియోల నెగెటివులను చెత్తలో కలియనీయక అడిగి తెచ్చుకొనవచ్చును. ఇందులకు ధనము స్వల్పము, కావలసినది శ్రద్ధ. పేరు వ్రాయని బొమ్మ రెండు తరములు గడచునప్పటికి ఎవరిదో తెలియని ముఖముగా మిగులును. పేరు వ్రాసి దాచిన బొమ్మ ఊరి చరిత్రలో ఒక పుట యగును.