బ్రాంక్స్ వీథిలో ప్రాస

ముప్పైనాలుగేళ్లు పిల్లలకు ఛందస్సు చెప్పినవాణ్ణి. యతి, ప్రాస, గణవిభజన నా జీవనాధారాలు. పద్యం అవసానదశలో ఉన్నదనీ, దానికి మావంటి పండితులమే ఆఖరి కాపలాదారులమనీ నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం ఎలా సడలిందో విన్నవించుకోవడానికే ఈ నాలుగు మాటలు.

మా మనవడు వినే ర్యాప్‌ను నేను చాలాకాలం 'వాగుడు' అనే వ్యవహరించాను. రాగం లేదు, ఆలాపన లేదు. ఒకడు మాట్లాడుకుంటూ పోతాడు, వెనుక డప్పు మోగుతూ ఉంటుంది. ఒకనాడు వాడు విసిగి, "తాతయ్యా, వినకపోతే మానెయ్, ఒక్కసారి చదివి చూడు" అంటూ ఒక పాట సాహిత్యాన్ని కాగితం మీద అచ్చుతీసి నా చేతిలో పెట్టాడు. రాకిమ్ అనే నల్లజాతి యువకుడు ఎరిక్ బి.తో కలిసి 1987లో వెలువరించిన 'పెయిడ్ ఇన్ ఫుల్' సంపుటిలోనిదది. అలవాటు కొద్దీ పెన్సిలు తీసి ప్రాసలు గుర్తించసాగాను. పాదాంతంలో గీత గీశాను. పాదమధ్యంలోనూ గీయవలసి వచ్చింది. ఒక పాదం చివర వినిపించిన ధ్వని తరువాతి పాదం నడుమ మళ్లీ తేలుతున్నది. చూస్తూండగానే కాగితం గీతలతో నిండిపోయింది. ఇది వాగుడు కాదని ఆ పెన్సిలే నాకు చెప్పింది.

ఇక ఊరుకోలేక దీని పుట్టుపూర్వోత్తరాలు వెదికాను. 1973 ఆగస్టు 11న న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో, ఒక అమ్మాయి బడి తెరిచేలోగా కొత్త బట్టలకు డబ్బు కూడబెట్టుకుందామని విందు ఏర్పాటు చేసింది. పాటల రికార్డులు వేసినవాడు ఆమె అన్న, జమైకా నుంచి వలస వచ్చిన క్లైవ్ కాంప్‌బెల్. కూల్ హెర్క్ అన్నది అతని వ్యవహారనామం. గానం ఆగి వాద్యాలు మాత్రమే మోగే చిన్న ఘట్టం కోసమే నర్తకులు ఎదురుచూస్తున్నారని అతడు గమనించాడు. ఒకే రికార్డు ప్రతులు రెండు తెచ్చి, ఒకటి ముగిసేసరికి రెండవది అందిస్తూ ఆ ఘట్టాన్ని సాగదీశాడు. ఆ లయ మీద అతని మిత్రుడు కోక్ లా రాక్ మాటలు విసిరాడు. హిప్‌హాప్ పుట్టుకను లోకం ఆనాటి నుంచి లెక్కిస్తున్నది.

అది శిథిలమైపోతున్న ప్రాంతం. మహా రహదారి ఒకటి పేటలను చీల్చుకుంటూ పోయింది, ఇళ్లు తగలబడ్డాయి. 1975లో నగరపాలన దివాలా అంచుకు చేరి వేలమంది ఉపాధ్యాయులను తొలగించింది. వారిలో సంగీతం చెప్పేవారూ ఉన్నారు. వాద్యం కొనలేనివారికి, గురువు దొరకనివారికి మిగిలినవి పాత రికార్డులూ, నోరూ. 1979లో 'రాపర్స్ డిలైట్' ఈ కళను ఊరు దాటించింది. 1982లో 'ది మెసేజ్' పేదపేట బతుకును పాటకు వస్తువుగా చేసింది. నడకలోనూ నియమం ఉన్నది. మన చతురశ్ర గతి వలె ఒక్కొక్క పాదానికి నాలుగు దెబ్బలు. సాధారణంగా చరణానికి పదహారు పాదాలు.

ఫ్రాన్సు కథ మరీ విచిత్రం. తమ భాషను ఇంగ్లీషు మింగివేస్తుందన్న భయంతో అక్కడి ప్రభుత్వం 1994లో చట్టం చేసి, రేడియోలు ప్రసారం చేసే పాటలలో నూటికి నలభై ఫ్రెంచివి ఉండాలన్నది. 1996 నుంచి అది అమలయింది. ఆ చోటును నింపినవారిలో ర్యాప్ కవులు ముఖ్యులు. అప్పటికే పేరుపొందిన ఎం.సి. సోలార్ 1969లో సెనెగల్ రాజధాని డాకర్‌లో, చాద్ దేశపు తల్లిదండ్రులకు జన్మించినవాడు. పాలకులు భాషను రక్షించడానికి కట్టిన గోడ, వలస కుటుంబాల పిల్లలకు వేదిక అయింది!

అదే డాకర్‌లో 1989లో 'పాజిటివ్ బ్లాక్ సోల్' బృందం ఏర్పడింది. వారు ఫ్రెంచితో, ఇంగ్లీషుతో పాటు తమ వోలోఫ్ భాషలో పాడారు. ఆ నేలమీద స్త్రీలు డోలు దెబ్బకు పదం కలిపి లయబద్ధంగా పలికే 'తాసు' అనే సంప్రదాయం పూర్వం నుంచీ ఉన్నది. తమ ర్యాప్‌కు మూలం అక్కడ ఉన్నదని సెనెగల్ కవులు చెప్పుకున్నారు. 2011లో కవులూ పాత్రికేయులూ కలిసి, 'విసిగిపోయాం' అన్న అర్థం వచ్చే పేరుతో ఉద్యమం లేవదీశారు. యువకులను ఓటర్లుగా చేర్పించడం వారు తలకెత్తుకున్న పనులలో ఒకటి. మూడవసారి పదవి కోరిన అధ్యక్షుడు అబ్దులాయ్ వాద్ 2012 ఎన్నికలలో ఓడిపోయాడు. ఆ ఓటమి ఘనత పాటకే కట్టబెట్టడం అత్యుక్తి. పాటకు అందులో పాలు లేదనడం అన్యాయం.

ఈ వాఙ్మయమంతా ముత్యాలేనని నేననను. బూతు ఉన్నది, స్త్రీలను కించపరచే మాట ఉన్నది. మన చాటువులలో, ప్రబంధాలలో లేదా? చెడ్డపద్యం చూసి ఛందస్సును వెలివేయలేదు కదా! 2018లో అమెరికాలో కెండ్రిక్ లమార్ సంపుటికి సంగీతంలో పులిట్జర్ బహుమతి లభించింది. శాస్త్రీయ సంగీతమూ జాజూ కాని కృతికి ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం.

బహుమతుల మాట అటుంచి, నన్ను బాధిస్తున్న సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. చాలా ఏళ్ల క్రితం, ఎనిమిదవ తరగతిలో ప్రాసనియమం బోధిస్తున్నాను. వెనుక బల్ల మీద ఒక కుర్రవాడు వేళ్లతో దరువు వేస్తూ, నా నడక మీద, నా కళ్లజోడు మీద మాటలు కట్టి మెల్లగా పాడుతున్నాడు. పక్కవాళ్లు నవ్వాపుకుంటున్నారు. వాణ్ణి బెత్తంతో రెండు వడ్డించి, గంట కొట్టేదాకా బయట నిలబెట్టాను. ఆ తరువాత వాడు నా తరగతిలో నోరు మెదపలేదు.

మొన్న ఆ పెన్సిలు గీతల కాగితం ముందు కూర్చుని వాడి పాట గుర్తుచేసుకోబోయాను. దరువు గుర్తున్నది. మాటలు ఒక్కటీ లేవు. ప్రాస చెబుతూ ప్రాస వినలేకపోయిన అయ్యవారిని నేను. మిత్రులారా, మీ పరిసరాలలో ఎవరైనా బల్ల మీద దరువు వేస్తుంటే, దయచేసి ముందు వినండి.

స్వస్తి.