పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో రూట్ అధికారం

ఆండ్రాయిడ్ ఫోన్‌లో తయారీదారు తన దగ్గరే అట్టిపెట్టుకున్న సర్వాధికారాన్ని ఆ ఫోన్ కొన్న మనిషి తన చేతిలోకి తెచ్చుకోవడాన్ని రూటింగ్ అనీ, వాడుకలో ‘ఫోన్‌ను రూట్ చేయడం’ అనీ అంటారు. ఆండ్రాయిడ్‌కు పునాది లినక్స్ కెర్నెల్, అంటే యంత్రానికీ మిగిలిన సాఫ్ట్‌వేర్‌కూ నడుమ నిలిచి మెమరీని, ప్రాసెసర్ సమయాన్ని, ఫైళ్లను పంచిపెట్టే కేంద్రభాగం. అందువల్ల యూనిక్స్ సంప్రదాయంలోని అధికార భేదాలన్నీ ఆండ్రాయిడ్‌కూ సంక్రమించాయి. ఆ సంప్రదాయంలో 0 అనే సంఖ్య గల వాడుకరి పేరు ‘రూట్’. ఏ ఫైలునైనా చదవడానికీ, మార్చడానికీ, చెరపడానికీ, ఏ ప్రోగ్రామునైనా ఆపివేయడానికీ ఆ వాడుకరికి అడ్డు ఉండదు. 2008 నుంచి సుమారు 2014 వరకు వెలువడిన ఫోన్లలో ఈ అధికారాన్ని పొందే పద్ధతులు చాలావరకు సాఫ్ట్‌వేర్ లోపాల మీద ఆధారపడగా, ఆ తరువాతి కాలంలో తయారీదారులు అనుమతించిన మార్గమే ప్రధానమైంది.

అధికారాల అమరిక

సాధారణ లినక్స్ కంప్యూటర్‌లో ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క వాడుకరి సంఖ్య ఉంటుంది. ఆండ్రాయిడ్ రూపకర్తలు ఆ ఏర్పాటును మరో ప్రయోజనానికి మళ్లించి, ఫోన్‌లో చేరిన ప్రతి యాప్‌కూ 10000 నుంచి మొదలయ్యే వరుసలో ఒక సంఖ్యను కేటాయించారు. ఒక ఆట యాప్ బ్యాంకు యాప్ ఫైళ్లను తెరవబోతే కెర్నెల్ దానిని వేరొక వాడుకరి చొరబాటుగానే లెక్కించి నిరాకరిస్తుంది. ఆండ్రాయిడ్ మూల ఫైళ్లు ఉండే ‘సిస్టమ్’ విభాగాన్ని ఫోన్ మొదలయ్యేటప్పుడే చదవడానికి మాత్రమే వీలుండేలా తెరుస్తారు. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి, ఏడీబీ అనే ఉపకరణం ద్వారా ఫోన్‌కు ఆదేశాలు పంపే యజమానికి కూడా దక్కేది 2000 సంఖ్య గల ‘షెల్’ వాడుకరి హోదా మాత్రమే. డబ్బు పెట్టి కొన్న వస్తువులో కొన్నవారికే తుది మాట లేకపోవడం ఈ అమరికలోని విశేషం. రూటింగ్ చరిత్రంతా ఆ లోటు నుంచే పుట్టింది.

వాడుకరి హోదాను మార్చే పని యూనిక్స్‌లో ‘ఎస్‌యూ’ అనే చిన్న ప్రోగ్రాము చేస్తుంది. ప్రోగ్రామును ఎవరు నడిపినా అది తన స్వంతదారు హక్కులతోనే నడవాలని కెర్నెల్‌కు తెలిపే ‘సెట్‌యూఐడీ’ అనే గుర్తు దానికి ఉంటుంది. అమ్మకానికి వచ్చే ఫోన్లలో ఎస్‌యూ ఉండదు. పాత పద్ధతిలో రూటింగ్ అంటే ఎలాగైనా ఒక్కసారి రూట్ హోదా సంపాదించి, సిస్టమ్ విభాగాన్ని రాయడానికి వీలుగా మళ్లీ తెరిచి, అందులో ఎస్‌యూను ఉంచి, దానికి ఆ గుర్తును తగిలించడమే. ఈ చివరి పని జరగకపోతే ఫోన్ ఆపి వేసేసరికి అధికారం పోతుంది. దానిని తాత్కాలిక రూట్ అంటారు.

తొలి ఫోన్, తొలి లోపం

ఆండ్రాయిడ్‌తో అమ్మకానికి వచ్చిన మొదటి ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్. అమెరికాలో అది 2008 అక్టోబరు 22న టీ-మొబైల్ జీ1 పేరుతో విడుదలైంది. పక్కకు జరిగే తెర, దాని కింద అక్షరాల మీటలు ఉన్న ఆ ఫోన్‌లో కొద్ది రోజులకే ఒక వింత బయటపడింది: వాడుకరి ఎక్కడ ఏమి టైపు చేసినా, ఆ అక్షరాలు తెర మీద కనిపించడంతో పాటు, రూట్ హక్కులతో తెర వెనుక నడుస్తున్న ఒక ఆదేశ స్వీకర్తకు కూడా చేరుతున్నాయి. సందేశంలో మామూలుగా ‘రీబూట్’ అనే ఇంగ్లీషు మాట రాసి ఎంటర్ నొక్కితే ఫోన్ నిజంగానే ఆగి మళ్లీ మొదలయ్యేది. పరీక్షల కోసం తయారీ దశలో ఉంచిన ఏర్పాటును తీసివేయకుండా ఫోన్లను అమ్మడమే దీనికి కారణం. దూరం నుంచి ఆదేశాలు స్వీకరించే ‘టెల్‌నెట్’ సేవను ఇదే దారిలో మొదలుపెట్టి, యజమానులు తమ ఫోన్లలోకి రూట్‌గా ప్రవేశించారు. గూగుల్ వెంటనే ఆర్‌సీ30 అనే సవరణతో ఈ దారిని మూసివేయగా, రూట్ కావాలనుకున్నవారు ఫోన్‌ను అంతకు ముందరి ఆర్‌సీ29 వెర్షన్‌కు వెనక్కి తీసుకువెళ్లి పని పూర్తి చేసుకున్నారు. వెనక్కి మళ్లడం కూడా ఒక పద్ధతి కాగలదని తయారీదారులకు తెలిపిన ఉదంతం ఇది. కొత్త ఫోన్లలో పాత వెర్షన్‌ను ఎక్కించనివ్వని రక్షణలు ఈ రకమైన అనుభవాల ఫలితమే.

అదే సంవత్సరం డిసెంబరులో గూగుల్ ఇదే యంత్రాన్ని తాళం లేకుండా, యాప్ రూపకర్తల కోసం, 399 డాలర్లకు అమ్మింది. రూట్ అయిన డ్రీమ్ ఫోన్ల మీదనే స్టీవ్ కొండిక్ 2009లో సయనోజెన్‌మాడ్ అనే ప్రత్యామ్నాయ ఆండ్రాయిడ్‌ను మొదలుపెట్టాడు. అది 2016 చివర ఆగిపోయాక లీనియేజ్ ఓఎస్ ఆ పనిని అందుకుంది.

లోపాల మీదుగా దారి

సాఫ్ట్‌వేర్‌లోని ఒక లోపాన్ని ఆసరా చేసుకుని, ఇవ్వని అధికారాన్ని రాబట్టే ప్రోగ్రామును ఎక్స్‌ప్లాయిట్ అంటారు. వీటిలో నిర్మాణ సౌష్ఠవం వల్ల వివరంగా తెలుసుకోదగినది 2010లో వెలువడిన ‘రేజ్ అగెన్‌స్ట్ ద కేజ్’. ఏడీబీ ఆదేశాలను ఫోన్ వైపు నుంచి స్వీకరించే సేవ మొదట రూట్‌గానే మొదలై, తరువాత తనంతట తానే ‘షెల్’ హోదాకు దిగిపోవాలి. ఒక వాడుకరి ఏకకాలంలో ఎన్ని ప్రాసెస్‌లను, అంటే నడుస్తున్న ప్రోగ్రాముల ప్రతులను, ఉంచుకోవచ్చో కెర్నెల్ ఒక హద్దు పెడుతుంది. ఎక్స్‌ప్లాయిట్ షెల్ వాడుకరి పేరున ప్రాసెస్‌లను పుట్టిస్తూ పోయి ఆ హద్దును నింపి, ఆపై ఏడీబీ సేవను చంపుతుంది. సేవ రూట్‌గా మళ్లీ మొదలై షెల్ హోదాకు దిగబోతే, హద్దు నిండిపోయినందున కెర్నెల్ ఆ మార్పును తిరస్కరిస్తుంది. దిగడం విఫలమైందా అని సరిచూసే ఒక్క పంక్తి ఆ సేవలో లేకపోవడంతో, అది రూట్‌గానే పని కొనసాగించేది. భద్రత కోసం పెట్టిన హద్దే భద్రతను దాటించిన ఈ ఉదాహరణలో, హక్కులను వదులుకునే ఆదేశం ఫలితాన్ని తప్పక పరీక్షించాలనే పాఠం ప్రోగ్రామర్లందరికీ ఉంది.

ఆ తరువాత 2011లో జింజర్‌బ్రేక్, జెర్గ్‌రష్ వచ్చాయి. 2012 డిసెంబరులో బయటపడిన ఎక్సినోస్ లోపం మరింత తీవ్రమైనది: గెలాక్సీ ఎస్2, ఎస్3, నోట్2 వంటి శామ్‌సంగ్ ఫోన్ల మెమరీ మొత్తాన్ని ఏ యాప్ అయినా చదివి, మార్చగల ఒక పరికర ఫైలును అందరికీ తెరిచి ఉంచారు. 2014 జూన్‌లో జార్జ్ హాట్జ్ విడుదల చేసిన టవల్‌రూట్, ప్రోగ్రాములు ఒకదాని కోసం ఒకటి ఆగే క్రమాన్ని నియంత్రించే ‘ఫ్యూటెక్స్’ అనే కెర్నెల్ ఏర్పాటులోని లోపాన్ని వాడుకుని, అప్పటిదాకా గట్టి తాళంతో ఉన్న అమెరికన్ గెలాక్సీ ఎస్5 ఫోన్లను కూడా ఒక్క నొక్కుడుతో రూట్ చేసింది. 2016 అక్టోబరులో వెల్లడైన ‘డర్టీ కౌ’ లోపమైతే లినక్స్ కెర్నెల్‌లో 2007 నుంచీ ఉంది.

బూట్‌లోడర్ మార్గం

మీట నొక్కగానే మొదట నడిచి, కెర్నెల్‌ను మెమరీలోకి ఎక్కించే ప్రోగ్రాము బూట్‌లోడర్. తయారీదారు సంతకం ఉన్న కెర్నెల్‌ను మాత్రమే అది అంగీకరిస్తే తాళం వేసినదనీ, దేనినైనా అంగీకరిస్తే తాళం తీసినదనీ అంటారు. 2010 జనవరిలో వచ్చిన గూగుల్ నెక్సస్ వన్ ఫోన్‌లో, కంప్యూటర్ నుంచి ఒక ఆదేశం ఇచ్చి, వారంటీ పోతుందన్న హెచ్చరికకు ఒప్పుకుంటే చాలు, తాళం తీసుకోవచ్చు. 2011లో హెచ్‌టీసీ, సోనీ ఎరిక్సన్ కూడా తమ ఫోన్లకు ఇలాంటి సౌకర్యాన్ని కల్పించాయి. తాళం తీసేటప్పుడు ఫోన్‌లోని సమాచారమంతా చెరిగిపోయేలా చేసిన ఏర్పాటు చాలామందికి విసుగు కలిగించినా అది సరైనదే, ఎందుకంటే దొంగిలించిన ఫోన్ తాళం తీసి అందులోని ఉత్తరాలు, ఫొటోలు చదివే అవకాశం అలా మాత్రమే పోతుంది. తాళం తీశాక క్లాక్‌వర్క్‌మాడ్, టీడబ్ల్యూఆర్‌పీ వంటి ప్రత్యామ్నాయ ‘రికవరీ’ని, అంటే ఆండ్రాయిడ్ నడవకుండానే ఫోన్‌ను మరమ్మతు చేసే చిన్న వ్యవస్థను, ఎక్కించి దాని ద్వారా ఎస్‌యూను సిస్టమ్ విభాగంలో చేర్చేవారు. లోపాన్ని వెతికి వాడుకోవడం కంటే ఈ మార్గం మేలైనది. ఇక్కడ యజమాని తెలిసి, ఒప్పుకుని, ఫోన్ చేతిలో ఉండగా చేసే పని తప్ప మరొకరు దూరం నుంచి దొంగచాటుగా చేయగలది ఏదీ లేదు.

ఎస్‌యూ ఉన్న ఫోన్‌లో ఏ యాప్ అయినా రూట్ హక్కులు కోరవచ్చు కాబట్టి, కోరిన ప్రతిసారీ యజమానిని అడిగి అనుమతించే కాపలా యాప్ అవసరమైంది. మొదట సూపర్‌యూజర్, 2012 నుంచి నెదర్లాండ్స్‌కు చెందిన చెయిన్‌ఫైర్ రూపొందించిన సూపర్‌ఎస్‌యూ ఈ పని చేశాయి.

ప్రయోజనాలు, తెలుగు లిపి

డ్రీమ్ వంటి ఫోన్‌లో లోపలి నిల్వ 256 మెగాబైట్లే. అందులోనూ అధికభాగం ఆండ్రాయిడ్‌కే పోయేది. యాప్‌లను మెమరీ కార్డు మీద ఉంచే వీలు 2010లో ఆండ్రాయిడ్ 2.2తో గాని అధికారికంగా రాలేదు కాబట్టి, అంతకు ముందు ఆ సౌకర్యం రూట్ చేసినవారికే దక్కింది. తీసివేయడానికి వీలులేకుండా కంపెనీ అంటగట్టిన యాప్‌లను తొలగించడం, యాప్‌లను వాటి సమాచారంతో సహా భద్రపరచడం, ప్రాసెసర్ వేగాన్ని మార్చడం, తయారీదారు వదిలేసిన ఫోన్‌కు కొత్త ఆండ్రాయిడ్ తేవడం మిగిలిన ప్రయోజనాలు.

తెలుగువారికి వీటన్నిటికంటే దగ్గరి కారణం ఒకటి ఉంది. ఆండ్రాయిడ్ 2.x ఫోన్లలో చాలావాటిలో తెలుగు ఫాంటు లేనందున, తెలుగులో వచ్చిన సందేశం, వార్త, వికీపీడియా పుట అన్నీ ఖాళీ పెట్టెల వరుసగా కనిపించేవి. ఫాంట్లు సిస్టమ్ విభాగంలో ఉంటాయి. అక్కడ రాయడానికి రూట్ కావాలి. అందువల్ల కొందరు ఫోన్‌ను రూట్ చేసి, ఇతర లిపుల కోసం ఉంచిన ప్రత్యామ్నాయ ఫాంటు ఫైలును తీసివేసి, తెలుగు అక్షరాలు కూడా చేర్చిన ఫైలును దాని స్థానంలో పెట్టుకునేవారు. అయినా ఇబ్బంది సగమే తీరేది: తెలుగు లిపిలో గుణింతపు గుర్తు హల్లుతో కలిసిపోవాలి, ఒత్తు కిందికి చేరాలి, ఆ అమరికను చేసే సాఫ్ట్‌వేర్ పాత ఆండ్రాయిడ్‌లో లేకపోవడంతో ‘స్త్రీ’ వంటి మాట ముక్కలు ముక్కలుగా, పొల్లులతో విడివిడిగా పడేది. రూట్ చేయని వారికి మిగిలిన దారి ఒపెరా మినీ బ్రౌజరు. క్లిష్ట లిపులను తన సర్వర్లలోనే బొమ్మలుగా మార్చి పంపే అమరిక అందులో ఉండేది. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1 తెలుగు, కన్నడ, మలయాళ లిపులకు అండ కల్పించాక ఈ అవసరం క్రమంగా తగ్గింది. తన భాష చదువుకోవడానికి తన ఫోన్ మీద సర్వాధికారం సంపాదించవలసి రావడం ఒక జాతికి న్యాయం కాదు, కానీ రూటింగ్ ఎందుకు కావలసివచ్చిందో చెప్పడానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ లేదు.

ప్రమాదాలు

యజమానికి దారి ఇచ్చిన లోపం మిగిలిన వారికీ దారి ఇస్తుంది. 2011 మార్చిలో ఆండ్రాయిడ్ మార్కెట్‌లోనే 50కి పైగా యాప్‌లలో దాగి కనిపించిన ‘డ్రాయిడ్‌డ్రీమ్’ అనే హానికర ప్రోగ్రాము, పైన వివరించిన రేజ్ అగెన్‌స్ట్ ద కేజ్‌నే వాడుకుని, వాడుకరికి తెలియకుండా ఫోన్‌ను రూట్ చేసి, దాని గుర్తింపు సంఖ్యలను బయటికి పంపింది. గూగుల్ ఆ యాప్‌లను ఫోన్ల నుంచి దూరం నుంచే తొలగించవలసివచ్చింది. మూలకోడ్ బయటపెట్టని ‘ఒక్క నొక్కుడు’ యాప్‌లను నమ్మడం కూడా ఇదే ప్రమాదంతో కూడినది, ఎందుకంటే రూట్ అయ్యాక అవి ఇంకేమి చేశాయో తెలుసుకునే సాధనం సామాన్య వాడుకరికి లేదు.

పని మధ్యలో తప్పు జరిగితే ఫోన్ మొదలవకుండా నిలిచిపోవచ్చు. దీనిని ‘బ్రిక్’ కావడం అంటారు. సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఎక్కిస్తే చాలావాటికి ప్రాణం వస్తుంది గాని అన్నిటికీ కాదు. 2012లో గెలాక్సీ నోట్, గెలాక్సీ ఎస్2 రకాలలో కొన్నింటిని కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ 4.0 కెర్నెల్ మీదనే రికవరీ ద్వారా చెరిపితే, నిల్వ చిప్‌లోని దోషం వల్ల ఆ చిప్ శాశ్వతంగా పాడయ్యేది. తప్పు ఫోన్ లోపలిదే అయినా నష్టపోయింది మాత్రం రూట్ చేసినవారే.

దారులు మూసుకున్న తీరు

2013లో ఆండ్రాయిడ్ 4.3 యాప్‌లకు సెట్‌యూఐడీ గుర్తు పనిచేయకుండా చేసింది. సూపర్‌ఎస్‌యూ దానికి జవాబుగా ఫోన్ మొదలయ్యేటప్పుడే రూట్‌గా నడిచే ఒక సేవను పెట్టింది. 2014లో ఆండ్రాయిడ్ 5.0 నుంచి, రూట్ వాడుకరి చేయగల పనులకు కూడా హద్దులు గీసే ఎస్‌ఈ లినక్స్ పూర్తిగా అమలైంది. సిస్టమ్ విభాగంలో ఒక్క అక్షరం మారినా గుర్తించే పరీక్షలు 7.0 నాటికి కఠినమయ్యాయి. శామ్‌సంగ్ 2013 నాటి గెలాక్సీ నోట్ 3 నుంచి, అనధికార కెర్నెల్ ఒక్కసారి నడిస్తే శాశ్వతంగా కాలిపోయి తిరిగి సరికాని ఒక ఫ్యూజును చిప్‌లో ఉంచింది. జాన్ వూ 2016లో విడుదల చేసిన మ్యాజిస్క్ సిస్టమ్ విభాగాన్ని ముట్టుకోకుండా, కెర్నెల్ ఉండే బూట్ విభాగాన్ని మాత్రమే మార్చి, మిగిలిన మార్పులను మెమరీలో పైపొరగా పరుస్తుంది. దాని రూపకర్త 2021లో గూగుల్‌లో ఆండ్రాయిడ్ భద్రతా బృందంలోనే చేరాడు.

అమెరికాలో యాప్‌ల కోసం ఫోన్ రక్షణలను దాటడం కాపీరైటు చట్టం కింద నేరం కాదని 2010 జులైలో అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మినహాయింపునిచ్చి, తరువాత దానిని పొడిగిస్తూ వచ్చింది. ఆచరణలో అడ్డు చట్టం కాదు, బ్యాంకులూ చెల్లింపుల యాప్‌లూ. రూట్ అయినట్లు గుర్తిస్తే అవి చాలావరకు తెరుచుకోవు. పాత ఫోన్‌ను రూట్ చేయదలచినవారు అందులో బ్యాంకు వ్యవహారాలు నడపకపోవడం, బూట్‌లోడర్ మార్గం ఉన్నచోట లోపాల జోలికి పోకపోవడం, పని మొదలుపెట్టే ముందు ఫొటోలు, నంబర్లు వేరే చోట దాచుకోవడం అవసరం. రూట్ దక్కిన వెంటనే, మరే మార్పూ చేయకముందు, ఫోన్ ఐఎంఈఐ సంఖ్య ఉండే విభాగానికి నకలు తీసి కంప్యూటర్‌లో భద్రపరచాలి. అది చెరిగిపోతే ఫోన్ వెలిగినా సిమ్‌కు నెట్‌వర్క్ అందదు.