హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో అరుదైన చర్మవ్యాధి: పీఆర్‌పీ ఆరో రకం

సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలంగాణ నుంచి వలస వెళ్లిన చేనేత కుటుంబాలు దశాబ్దాలుగా నివసిస్తున్నాయి. మరమగ్గాల వద్ద, అద్దకం మిల్లుల్లో వేడి, చెమట, రసాయనాల మధ్య పనిచేసేవారికి ఒంటిపై ఎర్రటి మచ్చలు వస్తే వృత్తి వల్ల వచ్చిన దద్దుర్లుగానే భావిస్తారు. చాలా సందర్భాల్లో అది నిజం కావచ్చు. కానీ ఎక్కడ నివసించేవారిలోనైనా, ఏ వృత్తి చేసేవారిలోనైనా, అరుదుగా అటువంటి మచ్చలే అంతవరకు బయటపడని హెచ్‌ఐవీకి తొలి సూచన అవుతాయి. ‘పిటిరియాసిస్ రూబ్రా పైలారిస్’ (పీఆర్‌పీ) ఆరో రకం అటువంటి వ్యాధి.

పేరులోని మొదటి మాటకు మూలం తవుడు అనే అర్థమిచ్చే గ్రీకు పదం. చర్మం తవుడు పొట్టులా రాలడమే అందుకు కారణం. ‘రూబ్రా’ ఎరుపును, ‘పైలారిస్’ వెంట్రుకలను సూచిస్తాయి. బ్రిటన్ చర్మవైద్యుడు గ్రిఫిత్స్ 1980లో ఈ వ్యాధిని ఐదు రకాలుగా విభజించారు. హెచ్‌ఐవీతో ముడిపడిన రకం ఆ తర్వాత ఆరోదిగా చేరింది.

లక్షణాలు

వెంట్రుకల కుదుళ్ల వద్ద గరుకైన బొడిపెలు ఏర్పడతాయి. కొన్నిచోట్ల అవి చిన్న ముళ్లలా పొడుచుకొస్తాయి. నారింజ ఛాయ గల ఎర్రటి మచ్చలు వ్యాపిస్తాయి. వాటి నడుమ అక్కడక్కడ ఆరోగ్యకరమైన చర్మం దీవుల్లా మిగులుతుంది. అరచేతులు, అరికాళ్లు మందమవుతాయి. కొందరికి ముఖంపై, వీపుపై పెద్ద మొటిమల గడ్డలు, చంకల్లో, గజ్జల్లో చీముగడ్డలు కూడా వస్తాయి. వ్యాధి ముదిరితే ఒళ్లంతా ఎర్రబారవచ్చు.

ఇది అంటువ్యాధి కాదు. తాకినా, కలిసి భోజనం చేసినా సోకదు.

నిర్ధారణ, చికిత్స

పీఆర్‌పీ పైకి సోరియాసిస్‌ను పోలి ఉంటుంది. అందువల్ల వైద్యులు చర్మపు చిన్న ముక్కను తీసి బయాప్సీ చేయిస్తారు. వ్యాధి ఇదేనని తేలితే హెచ్‌ఐవీ పరీక్ష కూడా సూచిస్తారు. మందుల దుకాణంలో అడిగి కొన్న స్టెరాయిడ్ లేపనాలు మచ్చల రూపాన్ని మార్చి నిర్ధారణను ఆలస్యం చేస్తాయి.

ఆరో రకం సాధారణ చర్మ చికిత్సకు సరిగా లొంగదు. వైరస్‌ను అదుపుచేసే ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టాక చర్మం కూడా మెరుగుపడిన రోగుల వివరాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వీటికి తోడుగా రెటినాయిడ్ మాత్రలు ఇస్తారు. అవి గర్భస్థ శిశువుకు తీవ్రహాని చేస్తాయి కనుక గర్భిణులు వాడరాదు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

సేవలు, హక్కులు

దేశంలో ప్రభుత్వ ఏఆర్‌టీ పంపిణీ 2004లో ఉచితంగా ప్రారంభమైంది. 2017 నుంచి, రోగనిరోధక కణాల సంఖ్యతో నిమిత్తం లేకుండా, హెచ్‌ఐవీ నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ మందులిస్తున్నారు. సూరత్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమైన న్యూ సివిల్ హాస్పిటల్‌లో ఏఆర్‌టీ కేంద్రం ఉంది. సొంత ఊరికి తిరిగివెళ్లేవారు అక్కడి కేంద్రానికి బదిలీ చేయించుకొని చికిత్స కొనసాగించవచ్చు.

2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదు. ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి. ఉద్యోగంలో, వైద్యంలో, అద్దె ఇంటి విషయంలో వివక్ష చూపడం నిషిద్ధం. సందేహాలకు 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.