రేడియో చెవి

చెవి మెలేస్తే మాట వినేది లోకంలో రేడియో ఒక్కటేనేమో! మనుషుల విషయంలో ఆ పద్ధతి ఎంతవరకు పనిచేసిందో మా లెక్కల మాస్టార్నే అడగాలి.

మా ఊరు భద్రాచలానికి ఎగువన, దుమ్ముగూడెం దారిలో, అడవిని ఆనుకుని ఉంటుంది. ఆ రోజుల్లో కరెంటు లేదు. లాంతరు తగ్గించాక రేడియో పెట్టాలంటే వేళ్లకే కళ్లుండాలి. మా నాన్నగారికి ఉండేవి. ఎడమవైపు చిన్న నాబ్ ‘టక్’మంటే రేడియో మొదలు, ఆపైన శబ్దం. కుడివైపు పెద్దది స్టేషన్లకి. అంచున గాట్లు తగిలితే చాలు, ఏది ఏదో తెలిసిపోయేది.

పెద్దదాని వెనక గ్యాంగ్ కండెన్సర్ ఉంటుంది. అది తిరిగేది అరచుట్టే. స్టేషన్లన్నీ అందులోనే ఇరుక్కోవాలి. నాబ్‌ని నేరుగా దానికే తగిలిస్తే, వెంట్రుకవాసి కదిలినా విజయవాడ దాటి ఎటో పోతాం. అందుకని సన్నని ఇరుసు నుంచి పెద్ద చక్రానికి దారం చుట్టారు. మనం నాలుగైదు చుట్లు తిప్పితే అది అరచుట్టు తిరుగుతుంది. తంబురాని బిరడాతో శ్రుతి దగ్గరికి తెచ్చి, పూసతో సరిచేసుకునే మనవాళ్లకి ఈ కిటుకు కొత్తేం కాదు.

శబ్దం లెక్క వేరు. శక్తి సుమారు పదింతలైతేగాని చెవికి రెట్టింపు అనిపించదు. అందుకే మంచి వాల్యూం కంట్రోల్లో కార్బన్ పట్టీని మొదట నెమ్మదిగా, చివర వేగంగా పెరిగేలా చేస్తారు. వాడకంలో చెవికి సమంగా పెరిగినట్టుంటుంది.

ఇది తెలియక మా ఇంట్లో ఓ అన్యాయం జరిగింది. డెబ్బైల్లో, శ్రీరామనవమికి ముందు, ఓ మెకానిక్కు పాతది తీసి దొరికినదేదో బిగించాడు. ఉషశ్రీగారి కల్యాణ వ్యాఖ్యానం వినడానికి అరుగు నిండా జనం. నాన్నగారు ‘టక్’మనిపించి రవ్వంత తిప్పారు. ఒక్క గర్జన! ఉయ్యాల్లో పాప కెవ్వుమంది. అప్పటికే ఆయన చేతికి వణుకు మొదలైంది. ‘‘నా చెయ్యే మాట వినట్లేదురా’’ అన్నారు. మళ్లీ రేడియో ముట్టుకోలేదు.

తప్పు చేతిది కాదని నాకు తెలిసేసరికి ఆయన లేరు.

తర్వాత నాబ్ బొమ్మయిపోయింది. 1999లో ఆపిల్ వారు క్విక్‌టైమ్ ప్లేయర్లో శబ్దానికి బొమ్మ చక్రం పెట్టి నలుగురిచేతా చీవాట్లు తిన్నారు. 2001లో ఐపాడ్‌కి మాత్రం నిజంగా తిరిగే చక్రమే పెట్టారు. నేటి సంగీతపు సాఫ్ట్‌వేర్లలో చాలావాటిలో గుండ్రటి నాబ్ కనిపిస్తుంది గాని, మౌస్‌ని పైకీ కిందికీ లాగితేనే తిరుగుతుంది. చీకట్లో తడిమితే గాజుపలక!

ఆ పాత రేడియో నా దగ్గరే ఉంది. మొన్న సరైన కంట్రోల్ వేయించి తిప్పి చూశాను. ఇప్పుడు నా చేతికీ వణుకుంది. శబ్దం మాత్రం మెల్లగానే పెరిగింది.