వంటింటి సఫ్రాన్, పూజగది పసుపు

మారిషస్‌లోని మా ఇంటిలో ఒకే పొడికి రెండు పేర్లుండేవి. పప్పులో వేసినప్పుడు అది సఫ్రాన్; అమ్మోరు పండుగనాడు గడపకు పూసినప్పుడు పసుపు. అవి రెండు వేర్వేరు వస్తువులని మేము చాలాకాలం నమ్మాము. సాయంకాలపు తెలుగు తరగతిలో గురువుగారు నల్లబల్లపై ‘పసుపు’ అని వ్రాసి, ఇది రంగు పేరూ, వంటపొడి పేరూ కూడా అని చెప్పిననాడు గాని మాకు సంగతి తెలియలేదు.

ఈ పొరపాటు వెనుక చరిత్ర ఉన్నది. 1810లో ఆంగ్లేయులు మారిషస్‌ను ఫ్రెంచివారి నుండి గెలుచుకొన్నారు గాని, జనుల నోట ఫ్రెంచి నుండి పుట్టిన క్రియోల్ భాషే నిలిచినది. 1834 నుండి చెరకు తోటలకు భారతీయులను ఒప్పంద కూలీలుగా తీసుకొనిరాసాగారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీదుగా మన తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. క్రియోల్‌లో పసుపును సఫ్రాన్ అంటారు. ఫ్రెంచిలో ఆ మాటకు అర్థం కుంకుమపువ్వు! రెండూ అన్నానికి పచ్చని రంగునిచ్చేవే. అంతకుమించి చుట్టరికం లేదు. ఒకటి పువ్వులోని ఎర్రని పోగు, మరొకటి అల్లం జాతికి చెందిన దుంప. కూలీల కుండలోని పొడికి రాజుల వంటశాలలోని ద్రవ్యం పేరు దక్కినది.

అంగడిలో బేరం క్రియోల్‌లో జరిగేది, గనుక వంటింటిలో ఆ పేరే స్థిరపడినది. అమ్మోరితో మాట్లాడవలసినప్పుడు మాత్రం తెలుగే. ‘పసుపు’ అనే మాటను మాకు దక్కించినది పూజగదియేనని మా ఊహ.

ఎడిసన్‌కు వచ్చిన కొత్తలో ఓక్ ట్రీ రోడ్డు దుకాణంలో అలవాటు చొప్పున సఫ్రాన్ అడిగాము. గాజు బీరువా తాళం తీసి, బొటనవ్రేలంత డబ్బీ చేతిలో పెట్టారు. ధర చూసి మారుమాటాడక తిరిగి ఇచ్చివేశాము. తరువాత ‘హల్దీ’ అని హిందీలో అడగడం నేర్చుకొన్నాము.

ఆర్మూరు, దుగ్గిరాల ప్రాంతాల రైతులు దుంపలను త్రవ్వి, ఉడికించి, రోజుల తరబడి ఎండబెట్టి, మెరుగుపెట్టిన తరువాతనే అవి కొమ్ములవుతాయి. ఆ కొమ్మును చూపితే మా మనవరాలు గుర్తుపట్టలేదు. పొడి మాత్రమే ఎరుగును. ఇక్కడ దుకాణాలలో వంటకొక పొట్లం, ‘పూజకు మాత్రమే, తినరాదు’ అని ముద్రించిన పొట్లం మరొకటి దొరుకుతున్నవి. మొన్న ఆ రెంటినీ చేతపట్టుకొని, “తాతా, ఇవి రెండూ ఒకటేనా?” అని అడిగినది.

“రెండూ పసుపేనమ్మా. కాని ఆ రెండవది పప్పులో వేయకు” అన్నాము.