పౌల్ హెన్నింగ్సెన్ దీపాలు

పౌల్ హెన్నింగ్సెన్ దీపాలు డెన్మార్కు దేశానికి చెందిన రూపకర్త, వాస్తుశిల్పి, రచయిత అయిన పౌల్ హెన్నింగ్సెన్ (1894 సెప్టెంబరు 9 - 1967 జనవరి 31) రూపొందించిన విద్యుద్దీపాలు. ఆయన పేరులోని పొడి అక్షరాలను బట్టి వీటిని పి.హెచ్. దీపాలు అని పిలుస్తారు. లోహపు రేకులతో శిల్పాలవలె కనిపించే ఈ దీపాలలో 1958లో వెలువడిన పి.హెచ్. 5, పి.హెచ్. ఆర్టిచోక్ అనేవి మిక్కిలి ప్రసిద్ధి చెందినవి. వీటి ఆకారము అలంకారము కొరకు ఏర్పడినది కాదు. కంటికి బల్బు కనిపించకుండా, వెలుగు మాత్రము గదికి చేరవలెనన్న ఒకే నియమము నుండి ఈ రూపాలన్నీ పుట్టినవి.

రూపకర్త జీవితము

హెన్నింగ్సెన్ కోపెన్‌హాగన్ నగర సమీపములోని ఓర్డ్రప్‌లో జన్మించాడు. తల్లి ఆగ్నెస్ హెన్నింగ్సెన్ రచయిత్రి. తండ్రి కార్ల్ ఎవాల్డ్ కూడా రచయితయే. హెన్నింగ్సెన్ సాంకేతిక విద్యాలయాలలో చదివినప్పటికీ వాస్తుశిల్ప పట్టా పొందలేదు. 1926 నుండి 1928 వరకు "క్రిటిస్క్ రెవ్యూ" అనే పత్రికను నడిపి, వాడుకకు పనికిరాని ఆడంబరపు వస్తువులను, పాత శైలులకు గుడ్డి అనుకరణలను తీవ్రముగా విమర్శించాడు. రంగస్థల ప్రదర్శనలకు పాటలు కూడా వ్రాశాడు.

రెండవ ప్రపంచ యుద్ధకాలములో డెన్మార్కు జర్మనీ ఆక్రమణలో ఉన్నది. వైమానిక దాడుల భయము వలన రాత్రివేళ దీపాలు బయటకు కనబడరాదన్న ఆంక్ష ఉండేది. అప్పుడు కోపెన్‌హాగన్‌లోని టివోలి ఉద్యానవనానికి వాస్తుశిల్పిగా ఉన్న హెన్నింగ్సెన్, పైనుండి చూచే విమానాలకు వెలుగు కనిపించని దీపాలను తయారుచేయించాడు. వాటివలన ఉద్యానవనాన్ని చీకటి పడిన తరువాత కూడా తెరచి ఉంచగలిగారు. 1943లో ఆయన పడవలో జలసంధిని దాటి స్వీడన్‌కు తప్పించుకొని పోయాడు. యుద్ధానంతరము స్వదేశానికి తిరిగి వచ్చాడు.

సమస్య

కిరసనాయిలు దీపము వెలుగు మందముగా, పసుపు ఛాయతో ఉంటుంది. దానిని నేరుగా చూచినను కన్ను నొవ్వదు. విద్యుద్బల్బులోని తీగ మిక్కిలి చిన్నది, మిక్కిలి ప్రకాశవంతమైనది. అది నేరుగా కంట పడితే కనుపాప ముడుచుకొనిపోయి, గదిలోని తక్కిన భాగము మరింత చీకటిగా తోచును. అనగా ఎక్కువ వెలుగు పెట్టినకొద్దీ తక్కువగా కనిపించే విచిత్రస్థితి ఏర్పడుతుంది. అలాగని దీపాన్ని గుడ్డతోనో మందమైన కాగితముతోనో కప్పివేస్తే వెలుగులో చాలా భాగము వృథా అవుతుంది. ఈ రెండు చిక్కులనూ ఒకేసారి తప్పించడమే హెన్నింగ్సెన్ జీవితకాలపు ప్రయత్నము.

మూడు గిన్నెల దీపము

1924లో ఆయన లూయీ పౌల్సెన్ అనే డేనిష్ సంస్థతో కలిసి పనిచేయ నారంభించాడు. 1925లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ అలంకరణ కళల ప్రదర్శనలో ఆయన దీపానికి బంగారు పతకము లభించింది. 1926లో కోపెన్‌హాగన్‌లోని ఫోరమ్ భవనానికి, ఒకదానిక్రింద ఒకటిగా అమర్చిన మూడు గిన్నెల దీపము సిద్ధమైనది.

ఈ గిన్నెల వంపు సంవర్గమాన సర్పిలము అనే గణిత వక్రరేఖను అనుసరించి ఉంటుంది. ఈ రేఖకు ఒక గుణము ఉన్నది. దాని కేంద్రము నుండి గీసిన ఏ కిరణమైనా రేఖను ఒకే కోణములో తాకుతుంది. బల్బును ఆ కేంద్రములో ఉంచినచో కాంతి గిన్నె లోపలి తలము నంతటినీ ఒకే కోణములో తాకి, క్రమపద్ధతిలో పరావర్తనము చెందుతుంది.

పి.హెచ్. 5

1958లో వెలువడిన ఈ దీపము ప్రధానముగా అల్యూమినియముతో చేయబడినది. పెద్ద గిన్నె వ్యాసము 50 సెంటీమీటర్లు కావున 5 అనే అంకె వచ్చినది. బల్బుల తయారీదారులు తరచుగా బల్బుల ఆకారాన్ని మార్చుచుండుటతో విసిగిన హెన్నింగ్సెన్, ఏ బల్బు పెట్టినను మిరుమిట్లు గొలుపని విధముగా దీనిని రూపొందించాడు. లోపల ఎరుపు, నీలము రంగుల చిన్న భాగాలు ఉన్నవి. మానవ నేత్రము పసుపు, ఆకుపచ్చ కాంతులను తేలికగా గ్రహించును. ఎరుపు, నీలము కాంతులను అంతగా గ్రహింపలేదు. ఆ లోటును కొంత పూరించుటకే ఈ రంగులు. ఇది భోజనపు బల్లపై వ్రేలాడదీయుటకు అనువైనది.

పి.హెచ్. ఆర్టిచోక్

కోపెన్‌హాగన్ రేవు ప్రాంతములోని లాంగెలీనీ పెవిలియన్ భోజనశాల కొరకు 1958లో దీనిని రూపొందించాడు. ఆర్టిచోక్ అనగా పొలుసులవంటి రేకులు ఒకదానిపై ఒకటి కప్పుకొని ఉండే మొగ్గ. దీనిని ఐరోపాలో కూరగా వండుకుంటారు. తెలుగువారు అరటిపువ్వు డొప్పలను తలచుకొన్నచో పోలిక కొంత తెలియును. డేనిష్ భాషలో ఈ దీపాన్ని "కోగ్లె" అంటారు. పైన్ చెట్టు కాయ అని దాని అర్థము.

దీనిలో 72 రేకులు ఉన్నవి. ఇవి వరుసకు 6 చొప్పున 12 వరుసలుగా అమర్చబడినవి. ప్రతి వరుస రేకులు పై వరుసలోని సందులను కప్పునట్లు కొద్దిగా ప్రక్కకు జరిగి ఉండును. అందుచేత ఏ దిక్కునుండి చూచినను లోపలి బల్బు కనిపించదు. కాంతి ఒక రేకుపై పడి, తరువాతి రేకును వెలిగించి బయటకు వచ్చును. మొదట రాగితో చేసిన ఈ దీపము తరువాత ఉక్కు, గాజు రేకులతో కూడా వెలువడినది.

ప్రాముఖ్యత

సామాన్యుని ఇంట మంచి వెలుగు ఉండవలెనని వాదించిన హెన్నింగ్సెన్ రూపొందించిన ఆర్టిచోక్, అమరికలోని శ్రమ వలన సామాన్యునికి అందని ఖరీదైన వస్తువు అయినది. దాని ఆకారాన్ని మాత్రము అనుకరించిన నకళ్ళు అనేకము వచ్చినవి. రేకుల కోణము, బల్బు స్థానము సరిగా లేనిచో అవి కేవలము అలంకార వస్తువులే. నకలును గుర్తించుటకు తేలికైన పరీక్ష ఒకటి ఉన్నది. దీపము క్రింద కూర్చొని తలయెత్తి చూడవలెను. బల్బు కంట పడినచో హెన్నింగ్సెన్ సూత్రము అందులో లేనట్లే.

తీగ బల్బుల స్థానములో వచ్చిన ఎల్.ఇ.డి. దీపాలలో కాంతి మరింత చిన్న బిందువుల నుండి వెలువడును. కావున మిరుమిట్ల సమస్య తొలగిపోలేదు. నేటి తరగతి గదులకు, చదువుకొనే బల్లలకు కూడా ఆయన అడిగిన ప్రశ్న వర్తించును.