పిల్లల్ని ఎక్కడ ఉంచాలి? – తెలుగు చదువుకి బస

పదిహేనేళ్లొచ్చిన పిల్లల్ని సెలవులకి హైదరాబాదో విశాఖపట్నమో పంపి తెలుగు నేర్పిద్దామనుకునే తల్లిదండ్రులు మన దగ్గర ఉన్నారు. వాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "బస ఎక్కడ మాస్టారూ? చుట్టాలింట్లోనా, హాస్టల్లోనా?" జవాబు చెప్పేముందు మనం కాస్త వెనక్కి చూసుకోవాలి. ఈ దేశంలో తెలుగు నిలిచిందీ, చిక్కిపోయిందీ కూడా మనవాళ్లు కాపురమున్న ఇళ్లని బట్టే.

మలయా వచ్చిన మన పెద్దల్లో ఎక్కువమంది ఇప్పటి శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల వాళ్లు. రబ్బరు తోటలకీ, బాగన్ దాతో వైపు కొబ్బరి తోటలకీ వచ్చారు. 1931 జనాభా లెక్కల్లో తెలుగువాళ్లు 32 వేల పైచిలుకు, తమిళులు ఐదు లక్షల పైన. 1923 నాటి కార్మిక చట్టం ప్రకారం 7 నుంచి 14 ఏళ్ల పిల్లలు పదిమంది ఉన్న తోటలో దొర బడి పెట్టి తీరాలి. పెట్టారు కూడా, కానీ చాలాచోట్ల అది ఒక్క గది, తమిళ చదువు. మనవాళ్లు గట్టిగా ఉన్న తోటల్లో మాత్రం తెలుగు బడి నడిచింది. పాఠం చెప్పేది గుమాస్తానో, నాలుగక్షరాలు వచ్చిన కంగాణీయో.

అంత చిన్న బడి భాషని మూడు తరాలు మోసిందంటే నేను నమ్మను. మోసింది కూలి లైన్లు. వరసగా ఒకే కప్పు కింద గదులు, ముందు వసారా, అందరికీ ఒకటే కొళాయి. పక్క గదిలోనూ తెలుగే. పిల్లాడు చీవాట్లు తిన్నా, సామెత విన్నా, పేరంటానికి పిలుపు చెప్పి వచ్చినా తెలుగులోనే. ఆ బతుకు ఎంత ఇరుకో, ఎంత కష్టమో మరిచిపోయి పొగడక్కర్లేదు. కానీ భాషకి అది ఇల్లు.

1938లో భారత ప్రభుత్వం కూలీల వలసని ఆపేసింది. కొత్తగా ఊరి మాట పట్టుకొచ్చేవాళ్లు తగ్గిపోయారు. తరవాత యుద్ధం, సయాం రైలు మార్గం. ఇంకొన్నేళ్లకి తోటలు ముక్కలై అమ్ముడుపోవడం, ఆపైన వాటి మీద ఊళ్లు లేవడం. ఇవాళ్టి పుత్రజయ కింద ప్రాంగ్ బెసార్ లాంటి ఎస్టేట్లున్నాయి. లైన్లలోంచి ఫ్లాట్లకి మారిన కుటుంబానికి ఒక పక్క మలాయ్ ఇల్లు, ఇంకో పక్క తమిళ ఇల్లు. 1961 చట్టంలోనూ, 1996 చట్టంలోనూ పదిహేనుమంది పిల్లల తల్లిదండ్రులు కోరితే బడిలో నేర్పాల్సిన భాషలుగా చైనీసుకీ తమిళానికీ చోటుంది. తెలుగు పేరు లేదు. 1955లో పుట్టిన ఆంధ్ర సంఘం, 1981లో కౌలాలంపూర్‌లో జరిగిన రెండో ప్రపంచ తెలుగు మహాసభలు, మన వారాంతపు తరగతులు, అన్నీ ఆ పోయిన వసారాకి బదులుగా వచ్చినవే. వారానికి రెండు గంటలు ఎక్కడ సరిపోతాయి? అందుకే పిల్లల్ని అక్కడికి పంపుదామన్న ఆలోచన.

చదువు కోసం ఇల్లొదలడం అక్కడివాళ్లకీ పాత సంగతే. పేద బ్రాహ్మణ పిల్లలు వారాలు చేసుకునేవాళ్లు, అంటే సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. టంగుటూరి ప్రకాశంగారి తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఆయన్ని రాజమండ్రి తీసుకెళ్లి చదివించింది ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే మాస్టారు. నైజాంలో సంగతి మనకి మరీ దగ్గర. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో వచ్చింది, అదే ఏడు హైదరాబాదులో రెడ్డి హాస్టల్ కూడా వచ్చింది. కులం పేరుతో పెట్టిందే, నిజమే. కానీ సురవరం ప్రతాపరెడ్డిగారు కార్యదర్శిగా ఉండి అక్కడి గ్రంథాలయాన్ని పెంచారు. పగలు ఉర్దూలో చదివిన కుర్రాడికి సాయంత్రం తెలుగు పుస్తకం దొరికింది. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు.

పరాయివాడు తెలుగు నేర్చిన కథ ఇంకోటి ఉంది. 1817లో మద్రాసులో దిగిన సి.పి. బ్రౌన్ వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర ఓనమాలు దిద్దాడు. ఉద్యోగం మీద కడప వెళ్లాక సొంత డబ్బుతో బంగళా కొని, పండితులకి జీతాలిచ్చి అక్కడే పెట్టుకున్నాడు. పండితుల ఇంట తాను ఉండకుండా పండితుల్నే తన ఇంటికి తెచ్చుకున్నాడన్నమాట! ఆయన నిఘంటువు 1852లో వచ్చింది. మనకి అంత సొమ్ము లేదు.

ఇక ఇవాళ్టి బస. హైదరాబాదులో పీజీ హాస్టల్ తేలిగ్గా దొరుకుతుంది, భోజనంతో సహా. అయితే గదిలో ఇంకో ముగ్గురుంటే వాళ్లలో వాళ్లు హిందీయో ఇంగ్లీషో మాట్లాడుకోవచ్చు, మనవాడు నెలరోజులు ఉండి "చలో" నేర్చుకుని వస్తాడు. చుట్టాలింట్లో ఇంకో చిక్కు. మలేషియా నుంచి వచ్చాడని బావమరదళ్లందరూ వాడితో ఇంగ్లీషు సాధన చేస్తారు. తెలుగు వంటవాడు, తెలుగు వార్డెను ఉన్న చిన్న ఊరి కాలేజీ హాస్టల్ నా లెక్కన నగరంలోని ఖరీదైన గదికంటే మేలు. మొదటిసారి వెళ్లే పిల్లలకి మాత్రం చుట్టాలిల్లే, ఆ ఇంట్లో ఇంగ్లీషు రాని నాయనమ్మ గనక ఉంటే.

కాగితాల సంగతి కూడా తల్లిదండ్రులకి చెప్పండి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు వస్తే హాస్టలైనా చుట్టాలైనా 24 గంటల్లోపు అధికారులకి ఫారం నింపి పంపాలి. పెద్దనాన్నగారికి ఈ విషయం తెలియకపోవచ్చు, ముందే ఫోన్ చేసి చెప్పాలి. అదే ఫోన్లో ఇంకో మాట కూడా అడగమనండి: మా వాడితో భోజనం దగ్గర తెలుగే మాట్లాడతారా, వాడు తడబడితే నవ్వకుండా ఉంటారా అని.